ఐఎస్ఓ జిప్ ఫైలు కాదు, విప్పే ముందు మౌంట్ చేయండి

ఐదు జీబీల విండోస్ ఐఎస్ఓను, అంటే డిస్కు మొత్తాన్ని ఒకే ఫైలుగా దించిన నకలును, ఏదో పాత అన్‌జిప్ సాధనంతో తెరుస్తారు. లోపల ఒకే ఒక్క చిన్న ఫైలు కనిపిస్తుంది, దాని పేరు రీడ్‌మీ. డౌన్‌లోడ్ పాడైందనుకుని డిలీట్ చేస్తారు, మళ్లీ ఐదు జీబీల డేటా ఖర్చుపెట్టి దించుకుంటారు. మళ్లీ అదే రీడ్‌మీ. నిజానికి ఫైలు మొదటిసారే బాగుంది. ఆ రీడ్‌మీని తెరిచి చదివితే సమాధానం అందులోనే ఉంటుంది: ఈ డిస్కులో యూడీఎఫ్ అనే ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లను డిస్కు మీద అమర్చే పద్ధతి) ఉంది, దాన్ని చదవగలిగే ఆపరేటింగ్ సిస్టమ్ కావాలి అని.

ఐఎస్ఓ లాంటి ఇమేజ్ ఫైలును జిప్ ఫైలులా చూడటమే ఈ తప్పుకు మూలం. రైట్ క్లిక్ మెనూలో 'ఎక్స్‌ట్రాక్ట్ హియర్' కనిపిస్తుంది కాబట్టి నొక్కేస్తాం, ఫోల్డర్ వచ్చాక ఐఎస్ఓను చెత్తబుట్టలో వేస్తాం. ఈ అలవాటు మానుకోవాలని నేను గట్టిగా చెబుతాను. ఇమేజ్‌ను అసలు ప్రతిగా ఉంచుకోండి. లోపల చూడాలంటే మౌంట్ చేయండి, అంటే డ్రైవ్‌లో పెట్టిన డిస్కులా కంప్యూటర్‌కు చూపించండి. విప్పడం ప్రత్యేకమైన అవసరం ఉన్నప్పుడే, అది కూడా ఏం పోతుందో తెలిసి చేయండి.

జిప్ ఫైలు అంటే కొన్ని ఫైళ్లను కుదించి కట్టిన మూట. డిస్క్ ఇమేజ్ అలాంటిది కాదు. డిస్కు మీద మొదటి సెక్టరు నుంచి చివరి సెక్టరు వరకు ఉన్నదాన్ని ఉన్నట్టు దించిన నకలు అది. ఇంటి దస్తావేజు జిరాక్స్ తీస్తే స్టాంపులు, ముద్రలు, సంతకాలు, మార్జిన్‌లో రాసిన నంబర్లు అన్నీ వస్తాయి. అందులోని విషయాన్ని వేరే కాగితం మీద రాసుకుంటే విషయం మాత్రమే వస్తుంది. ఇమేజ్ జిరాక్స్ లాంటిదైతే, విప్పడం చేత్తో రాసుకోవడం లాంటిది.

ఆ ముద్రలు ఎక్కడ ఉంటాయో చూద్దాం. డేటా సీడీలో ఒక సెక్టరుకు 2048 బైట్ల సమాచారం. 1988లో ప్రమాణంగా వచ్చిన ఐఎస్ఓ 9660 పద్ధతిలో మొదటి 16 సెక్టర్లను, అంటే 32,768 బైట్లను, ఫైల్‌సిస్టమ్ ముట్టుకోదు. ఆ తర్వాతి సెక్టరులో డిస్కు పేరు, సైజు, విషయసూచిక ఎక్కడుందో చెప్పే వివరాలు ఉంటాయి. ఆ సెక్టరులో రెండో బైటు నుంచి 'సీడీ001' అనే ఐదు అక్షరాల గుర్తు కనిపిస్తుంది. ఖాళీగా వదిలిన ఆ 32 కేబీలూ వృథా కాదు. లినక్స్ ఐఎస్ఓలను పెన్‌డ్రైవ్ మీద నేరుగా రాసినా బూట్ అయ్యేది ఆ చోట్లో హార్డ్‌డిస్క్ తరహా బూట్ కోడ్, పార్టిషన్ పట్టిక పెట్టబట్టే. ఫోల్డర్‌గా విప్పితే ఆ 32 కేబీలు ఏ ఫైలులోనూ ఉండవు, కాబట్టి రావు. బయటకు వచ్చిన ఫైళ్లన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసినా పాత బయాస్ కంప్యూటర్ బూట్ కాకపోవడానికి ఇదొక కారణం.

ఇంకో సంగతి. ఒకే డిస్కుకు ఒకటి కంటే ఎక్కువ విషయసూచికలు ఉండొచ్చు. డేటా ఒకటే, దాన్ని చూపించే సూచికలు వేరు. ప్రాథమిక సూచికలో పెద్ద అక్షరాలతో ఎనిమిది ప్లస్ మూడు అక్షరాల ఇంగ్లిష్ పేర్లు, చివర సెమికోలన్, 1 అనే అంకె. విండోస్ కోసం జోలియట్ అనే రెండో సూచికలో యూనికోడ్ పేర్లు. యూనిక్స్ కోసం రాక్ రిడ్జ్‌లో అనుమతులు, సిమ్‌లింకులు (వేరే ఫైలునో ఫోల్డర్‌నో చూపించే గుర్తులు). డీవీడీల్లో యూడీఎఫ్. ఏ సాధనం ఏ సూచికను చదువుతుందో దాన్ని బట్టి ఒకే ఐఎస్ఓ మూడు రకాలుగా కనిపిస్తుంది. మొదట చెప్పిన ఒంటరి రీడ్‌మీ కూడా అంతే. విండోస్ ఐఎస్ఓలో ఐఎస్ఓ 9660 సూచికలో ఆ ఒక్క ఫైలే పెట్టి, అసలు సరుకంతా యూడీఎఫ్ సూచికలో ఉంచుతారు.

తెలుగు పేర్లు పెట్టుకునేవాళ్లు ఇక్కడ కొంచెం ఆగాలి. జోలియట్ పేరుకు 64 యూనిట్ల పరిమితి ఉంది. ఇంగ్లిష్‌లో అది 64 అక్షరాలు. తెలుగులో అలా కాదు. 'లక్ష్మీనారాయణ' మన కంటికి ఆరు అక్షరాలే, యూనికోడ్‌లో 13 యూనిట్లు. ఒక్క 'స్త్రీ' ఆరు యూనిట్లు తింటుంది. 'అక్క పెళ్లి రెండో రోజు ఉదయం తలంబ్రాలు' అన్న పేరే 37 యూనిట్లు, దానికి ఇంకా పొడుగ్గా చేరిస్తే చివర తెగిపోవచ్చు, తెగిన పేర్లు రెండు ఒకేలా ఉంటే ఒకదాని వెనక అంకె చేరుతుంది. ఐఎస్ఓ తయారు చేసేటప్పుడు తెలుగు ఫోల్డర్ పేర్లను ముప్పై అక్షరాల లోపు ఉంచండి. లినక్స్‌లో టెర్మినల్ నుంచి మౌంట్ చేస్తే తెలుగు పేర్లకు బదులు ప్రశ్నార్థకాల వరస కనిపించొచ్చు. అప్పుడు ఫైలు పాడైనట్టు కాదు. మౌంట్ ఆప్షన్లలో ఐఓ క్యారక్టర్‌సెట్‌ను యూటీఎఫ్8గా ఇస్తే పేర్లు తెలుగులో వస్తాయి.

విండోస్‌లో మౌంట్ చేయడం, కాకపోతే ఏం చూడాలి

విండోస్ 8 నుంచి, అంటే 2012 నుంచి, ఐఎస్ఓకు వేరే సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఫైలు మీద డబుల్ క్లిక్ చేస్తే 'దిస్ పీసీ'లో కొత్త డీవీడీ డ్రైవ్ కనిపిస్తుంది. దానికొక అక్షరం వస్తుంది. పని అయ్యాక ఆ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ నొక్కాలి. ఎజెక్ట్ చేయకుండా ఐఎస్ఓను తొలగించాలన్నా, వేరేచోటికి జరపాలన్నా 'ఫైలు వాడుకలో ఉంది' అని అడ్డుకుంటుంది. కంప్యూటర్ రీస్టార్ట్ చేస్తే మౌంట్ దానంతటదే పోతుంది, ప్రతిసారీ మళ్లీ చేయాలి.

డబుల్ క్లిక్ చేస్తే అన్‌జిప్ సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటోందంటే, ఇన్‌స్టాల్ చేసినప్పుడు అది ఐఎస్ఓలన్నిటినీ తన పేరున రాయించుకుందన్నమాట. రైట్ క్లిక్, 'ఓపెన్ విత్', అందులో 'విండోస్ ఎక్స్‌ప్లోరర్' ఎంచుకోండి. ఎప్పటికీ అలాగే ఉండాలంటే ప్రాపర్టీస్‌లో 'చేంజ్' నొక్కి అదే ఎంచుకోవాలి. విండోస్ 11లో పాత మెనూ కోసం ముందు 'షో మోర్ ఆప్షన్స్' నొక్కాల్సి రావచ్చు.

'ఫైలును మౌంట్ చేయలేకపోయాం, అది ఎన్‌టీఎఫ్ఎస్ వాల్యూమ్‌లో ఉందో లేదో, కంప్రెస్ చేసిన ఫోల్డర్‌లో ఉందో లేదో చూసుకోండి' అనే సందేశం చాలామందిని తికమక పెడుతుంది. అందులో చెప్పింది సగమే. చూడాల్సినవి ఇవి. ఫైలు పేరు మీద రెండు నీలి బాణాల గుర్తు ఉంటే ఆ ఫైలు ఎన్‌టీఎఫ్ఎస్ (విండోస్ హార్డ్‌డిస్కుల ఫైల్‌సిస్టమ్) కుదింపులో ఉంది. ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి కుదింపు టిక్కు తీసేయండి. టోరెంట్‌తో దించిన ఫైలు అయితే అది 'స్పార్స్' ఫైలుగా గుర్తుపడి ఉండొచ్చు. అంటే డౌన్‌లోడ్ మొదలుపెట్టేటప్పుడు చోటు నింపకుండా ఖాళీలుగా వదిలిన ఫైలు. డౌన్‌లోడ్ పూర్తయినా ఆ గుర్తు అలాగే ఉంటుంది, విండోస్ దాన్ని మౌంట్ చేయనంటుంది. సులువైన మార్గం: ఆ ఫైలును మామూలుగా ఇంకో ఫోల్డర్‌లోకి కాపీ చేయండి, జరపొద్దు. కాపీలో స్పార్స్ గుర్తు ఉండదు. క్లౌడ్ ఫోల్డర్‌లో ఉండి పూర్తిగా మీ కంప్యూటర్‌లోకి దిగని ఫైలైనా ఇదే సందేశం రావచ్చు. దాన్ని సీ డ్రైవ్‌లోకి దించుకుని ప్రయత్నించండి. పెన్‌డ్రైవ్‌లో ఉన్నా అంతే.

మౌంట్ అయింది కానీ డ్రైవ్ అక్షరం కనిపించడం లేదంటే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి ఆ డీవీడీ డ్రైవ్‌కు అక్షరం కేటాయించండి.

ఒక జాగ్రత్త. ఐఎస్ఓ మౌంట్ ఎప్పుడూ చదవడానికే, రాయడానికి కాదు. అదే వీహెచ్‌డీ, వీహెచ్‌డీఎక్స్ అనే హార్డ్‌డిస్క్ ఇమేజ్ ఫైళ్లను డబుల్ క్లిక్ చేస్తే రాయగలిగేలా మౌంట్ అవుతాయి. ఊరికే చూద్దామని తెరిచినా లోపల విండోస్ ఏదో ఒకటి రాస్తుంది, ఫైలు మారిపోతుంది. వాటిని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో 'అటాచ్ వీహెచ్‌డీ' ద్వారా, రీడ్-ఓన్లీ టిక్కు పెట్టి తెరవండి.

మ్యాక్‌లో ఐఎస్ఓ, డీఎంజీ రెండూ డబుల్ క్లిక్‌తోనే మౌంట్ అవుతాయి, పక్క బార్‌లో ఎజెక్ట్ గుర్తు ఉంటుంది. లినక్స్‌లో డెస్క్‌టాప్ నుంచి అయితే రైట్ క్లిక్ చేసి 'డిస్క్ ఇమేజ్ మౌంటర్' ఎంచుకుంటే చాలు. టెర్మినల్‌లో మౌంట్ కమాండ్‌కు లూప్, ఆర్ఓ అనే రెండు ఆప్షన్లు ఇచ్చి, ఐఎస్ఓ పేరు, ఖాళీ ఫోల్డర్ పేరు రాయాలి.

విప్పడం ఎప్పుడు సరైనది

విప్పడం తప్పని నేననను. ఐఎస్ఓలోంచి ఒక్క డ్రైవర్ ఫోల్డరో, ఒక్క ఫాంటో కావాలంటే 7-జిప్‌తో తెరిచి లాగేసుకోవచ్చు. అది యూడీఎఫ్, జోలియట్ రెండూ చదువుతుంది. విండోస్ 7 కంప్యూటర్లో సొంత మౌంట్ సౌకర్యం లేదు కాబట్టి, వేరే సాఫ్ట్‌వేర్ పెట్టకపోతే అక్కడ విప్పడమే దారి. లోపలి ఫైళ్లను మార్చి కొత్త ఐఎస్ఓ తయారుచేయాలన్నా ముందు విప్పాల్సిందే.

పోయేదేమిటో మాత్రం తెలిసి ఉండాలి. విండోస్ సొంత సీడీ డ్రైవర్ రాక్ రిడ్జ్ చదవదు. కాబట్టి లినక్స్ డిస్కును విండోస్‌లో తెరిస్తే సిమ్‌లింకులు, అనుమతులు పోతాయి. డెబియన్ ఐఎస్ఓలో 'డెబియన్' అనే పేరుతో తాను ఉన్న ఫోల్డర్‌నే చూపించే సిమ్‌లింకు ఒకటి ఉంటుంది. ఇలాంటివి విండోస్ ఫోల్డర్‌లోకి సరిగా రావు. లినక్స్‌లో విప్పితే ఇంకో చిక్కు. డిస్కులో ఉన్న రీడ్-ఓన్లీ అనుమతులే ఫోల్డర్లకూ వస్తాయి, తర్వాత వాటిని డిలీట్ చేయబోతే 'అనుమతి లేదు' అంటుంది. రాసే అనుమతి ఇచ్చాకే తొలగించగలరు.

ఎక్కువమంది విప్పేది పెన్‌డ్రైవ్‌తో విండోస్ ఇన్‌స్టాల్ చేసుకోవడానికి. అక్కడ అసలు గోడ ఎఫ్ఏటీ32 అనే ఫైల్‌సిస్టమ్. ఆ పద్ధతిలో ఒక ఫైలు 4 జీబీ దాటకూడదు, కచ్చితంగా చెప్పాలంటే 4,294,967,295 బైట్లు. విండోస్ ఐఎస్ఓ సోర్సెస్ ఫోల్డర్‌లోని 'ఇన్‌స్టాల్ డాట్ విమ్' తరచూ ఆ గీత దాటుతుంది. పెన్‌డ్రైవ్‌ను ఎన్‌టీఎఫ్ఎస్‌గా ఫార్మాట్ చేస్తే ఫైలు పడుతుంది కానీ చాలా మదర్‌బోర్డుల యూఈఎఫ్ఐ (బయాస్ స్థానంలో వచ్చిన బూట్ ప్రోగ్రాము) ఎన్‌టీఎఫ్ఎస్‌ను చదవలేదు, బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ కనిపించదు. దారులు రెండున్నాయి. రూఫస్ అనే పెన్‌డ్రైవ్ తయారీ సాధనం వాడితే అది ఎన్‌టీఎఫ్ఎస్ పక్కన యూఈఎఫ్ఐ చదవగలిగే చిన్న పార్టిషన్ ఒకటి తనే పెడుతుంది. లేదా విమ్ ఫైలును ముక్కలు చేయండి. విండోస్‌లోని డిజం కమాండ్‌లో 'స్ప్లిట్-ఇమేజ్' ఎంచుకుని, ముక్క సైజు 3800 (ఎంబీలు) ఇస్తే ఎస్‌డబ్ల్యూఎమ్ ముక్కలు వస్తాయి. వాటిని సోర్సెస్ ఫోల్డర్‌లో పెట్టి, పాత విమ్‌ను పెన్‌డ్రైవ్‌లో పెట్టకుండా వదిలేస్తే సెటప్ వాటిని తనంతట తనే గుర్తిస్తుంది.

లినక్స్ ఐఎస్ఓకు ఇదంతా అక్కర్లేదు, విప్పకుండా సెక్టరుకు సెక్టరు నేరుగా రాస్తే చాలు. రూఫస్ అడిగే రెండు పద్ధతుల్లో డీడీ మోడ్ అదే. అలా రాశాక విండోస్‌లో ఆ పెన్‌డ్రైవ్ పెడితే 'ఫార్మాట్ చేయాలా' అని అడగొచ్చు. కాదు అని నొక్కండి. పెన్‌డ్రైవ్ పాడవలేదు, విండోస్‌కు లోపలి పద్ధతి అర్థం కాలేదు అంతే. తర్వాత మామూలుగా వాడుకోవాలంటే విండోస్‌లోని డిస్క్‌పార్ట్ కమాండ్‌లో ఆ డిస్కును ఎంచుకుని 'క్లీన్' చేసి కొత్తగా ఫార్మాట్ చేయాలి. డిస్క్‌పార్ట్‌లో అంకె తప్పితే హార్డ్‌డిస్క్ తుడిచిపెట్టుకుపోతుంది, కాబట్టి ఎంటర్ నొక్కేముందు సైజు చూసి నిర్ధారించుకోండి.

విండోస్ ఐఎస్ఓను మాత్రం డీడీ మోడ్‌లో రాస్తే బూట్ కాదు. పైన చెప్పిన 32 కేబీల చోటు అందులో ఖాళీ.

పేరు చూసి మోసపోవద్దు

ఫైలు చివరి పేరు ఏమీ రుజువు చేయదు. 'ఐఎమ్‌జీ' అని ఉన్న ఫైలు మామూలు ఐఎస్ఓ కావచ్చు. 1,474,560 బైట్లుంటే ఫ్లాపీ. రాస్ప్‌బెర్రీ పై కార్డు ఇమేజ్ అయితే అది డిస్కు కాదు, పార్టిషన్లున్న మొత్తం కార్డు. విండోస్ దాన్ని మౌంట్ చేయలేదు. 7-జిప్‌తో తెరిస్తే లోపలి పార్టిషన్లు కనిపిస్తాయి. లినక్స్‌లో అయితే లూప్ సెటప్ కమాండ్‌కు పార్టిషన్లను వెతకమని చెప్పాలి, లేదా ఆఫ్‌సెట్ లెక్కగట్టాలి. పార్టిషన్ మొదలయ్యే సెక్టరును 512తో హెచ్చిస్తే ఆఫ్‌సెట్. 8192వ సెక్టరులో మొదలైతే 4,194,304.

అసలు గందరగోళం సీడీ ఇమేజ్‌లతో. సీడీ మీద నిజానికి ఒక్కో సెక్టరు 2352 బైట్లు. డేటా సెక్టరులో అందులో 2048 మాత్రమే మన సమాచారం. మిగిలింది గుర్తింపు, చిరునామా, దోషాలను కనిపెట్టి సరిచేసే కోడ్. ఐఎస్ఓలో 2048 బైట్లే ఉంచుతారు. బిన్, ఎండీఎఫ్, క్లోన్‌సీడీ తరహా సీడీ ఇమేజ్‌లలో సాధారణంగా 2352 మొత్తం ఉంటాయి, వీటినే రా ఇమేజ్‌లు అంటారు. అందుకే బిన్ ఫైలును ఐఎస్ఓ అని పేరు మార్చితే చాలా సాధనాలు చదవలేవు. ఇంటర్నెట్‌లో ఈ పేరు మార్పు సలహా ఎన్నిచోట్ల కనిపిస్తుందో చెప్పలేను, చాలాసార్లు అది పనిచేయదు.

తేడా కనిపెట్టడానికి ముందు సైజును భాగించి చూడండి. 2048తో శేషం లేకుండా పోయి, 2352తో పోకపోతే మామూలు ఐఎస్ఓ. తలకిందులైతే రా ఇమేజ్. రెండింటితోనూ పోతే, అంటే సైజు 301,056కు గుణిజమైతే, హెక్స్ ఎడిటర్‌లో తెరవండి. మొదటి 12 బైట్లు ఒక సున్నా, పది ఎఫ్ఎఫ్‌లు, మళ్లీ ఒక సున్నా అయితే అది కచ్చితంగా రా ఇమేజ్. నీరో అనే సీడీ రాసే సాఫ్ట్‌వేర్ తయారుచేసిన ఎన్ఆర్‌జీ అయితే చాలాసార్లు ముందు 150 సెక్టర్లు, అంటే 307,200 బైట్లు, ఖాళీగా వదిలి తర్వాత మామూలు ఐఎస్ఓ మొదలవుతుంది. లినక్స్‌లో ఆ అంకెను ఆఫ్‌సెట్‌గా ఇస్తే నేరుగా మౌంట్ అవుతుంది.

బిన్ పక్కన ఉండే క్యూ ఫైలు చిన్న టెక్స్ట్ ఫైలే, కానీ అది లేకపోతే బిన్‌లో ఏ ట్రాక్ ఎక్కడ మొదలవుతుందో తెలియదు. మౌంట్ కాకపోతే మొదట నోట్‌ప్యాడ్‌లో క్యూ తెరిచి మొదటి వరస చూడండి. అక్కడ రాసిన బిన్ పేరుకు, ఫోల్డర్‌లోని అసలు పేరుకు తేడా ఉంటే ఎవరో పేరు మార్చారన్నమాట. క్యూలో పేరు సరిచేసి సేవ్ చేయండి. ఇమేజ్ పేరు మార్చాల్సొస్తే ఎప్పుడూ రెండూ కలిపి మార్చండి. వీటిని మౌంట్ చేయడానికి విండోస్‌లో విన్‌సీడీఈము సరిపోతుంది, బిన్-క్యూతో పాటు ఎన్ఆర్‌జీ, ఎండీఎఫ్, సీసీడీ కూడా తెరుస్తుంది, ఓపెన్ సోర్స్. లినక్స్‌లో సీడీఈము ఉంది. ఉచితమని చెప్పే వేరే వర్చువల్ డ్రైవ్ సాఫ్ట్‌వేర్ల ఇన్‌స్టాలర్లలో ప్రకటనల ప్రోగ్రాములు కలిసి రావడం మామూలే, ప్రతి పేజీలో టిక్కులు చూసుకుని నొక్కండి.

వీసీడీ సంగతి

తెలుగు ఇళ్లలో ఇప్పుడు అత్యవసరంగా ఇమేజ్ తీయాల్సినవి పెళ్లి, గృహప్రవేశం వీసీడీలు (వీడియో సీడీలు), డీవీడీలు. బీరువాలో పడి ఉన్న రికార్డబుల్ డిస్కుల రంగు పొర నెమ్మదిగా చెడుతుంది. అందుకే ఈ భాగం మీద నాకు పట్టింపు ఎక్కువ.

వీసీడీ మామూలు డేటా సీడీ కాదు. వీడియో ఉన్న సెక్టర్లలో రెండో పొర దోష సవరణ కోడ్‌ను తీసేసి ఆ చోటునూ వీడియోకే ఇచ్చారు. ఒక్కో సెక్టరులో 2048కి బదులు 2324 బైట్లు. 74 నిమిషాల డిస్కులో 333,000 సెక్టర్లు. కాబట్టి మామూలుగా 650 ఎంబీ పట్టే డిస్కులో అంతకంటే ఎక్కువ వీడియో పట్టింది. మూడు గంటల సినిమా వీసీడీలు మూడు డిస్కులుగా వచ్చిందీ ఈ 74 నిమిషాల పరిమితి వల్లే.

దాని ఫలితం ఇది. వీసీడీని ఐఎస్ఓగా తీస్తే, లేదా 2048 బైట్ల లెక్కన డీడీ కమాండ్‌తో చదివితే, ఒక్కో వీడియో సెక్టరులో 276 బైట్లు తెగిపోతాయి, లేదంటే మొదట్లోనే రీడ్ ఎర్రర్ వస్తుంది. తెగిన వీడియో ఆడదు. వీసీడీకి ఐఎస్ఓ ఎప్పుడూ తప్పే. బిన్-క్యూగానే తీయాలి. విండోస్‌లో ఇమ్గ్‌బర్న్‌లో 'డిస్కు నుంచి ఇమేజ్ తయారుచేయి' అనే పద్ధతి ఎంచుకుంటే డిస్కు రకాన్ని చూసి బిన్ కావాలో ఐఎస్ఓ కావాలో అదే నిర్ణయిస్తుంది. లినక్స్‌లో సీడీఆర్‌డావో అనే సాధనానికి రా పద్ధతిలో చదవమని చెప్పాలి. 74 నిమిషాల నిండు డిస్కు బిన్ ఫైలు 747 ఎంబీ దాకా వస్తుంది. 'సీడీలో 650 ఎంబీయే కదా' అని అనుమానించొద్దు, సెక్టరుకు 2352 చొప్పున లెక్క అంతే.

వీడియో ఒక్కటే కావాలంటే ఎంపెగ్-ఏవీ ఫోల్డర్‌లో ఏవీసెక్01 అనే డీఏటీ ఫైలు ఉంటుంది. విండోస్‌లో దాన్ని కాపీ చేస్తే వీడియోకు బయట ఒక తొడుగుతో వస్తుంది. వీఎల్‌సీ దాన్ని ఆడిస్తుంది, కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు మాత్రం తీసుకోవు. శుభ్రమైన ఎంపెగ్ కావాలంటే బిన్ నుంచి వీసీడీఎక్స్‌రిప్‌తో తీయండి. రెండో పొర రక్షణ లేదు కాబట్టి గీత పడినచోట వీడియోలో చతురస్రాలు కనిపిస్తాయి. ఆ నష్టాన్ని ఏ సాధనమూ నింపలేదు. కానీ వేరే డ్రైవ్‌లో చదివితే అదే గీత దగ్గర బాగా రావచ్చు, కాబట్టి ఒక డ్రైవ్‌లో ఆగిపోయిందని వదిలేయొద్దు.

డీవీడీ అయితే ఐఎస్ఓ సరిపోతుంది. మామూలు ఒక పొర డీవీడీ 4.7 జీబీ అంటారు, విండోస్ లెక్కలో అది 4.38గా కనిపిస్తుంది. లోపల వీడియో టీఎస్ ఫోల్డర్‌లో వీఓబీ ఫైళ్లు ఒక్కోటి ఒక జీబీకి మించకుండా ఉంటాయి. ఇక్కడే విప్పడం వల్ల ఎక్కువ నష్టం జరుగుతుంది. పెద్ద వీఓబీలు మాత్రం కాపీ చేసుకుని మిగిలినవి 'చిన్న చెత్త ఫైళ్లు' అని వదిలేస్తారు. ఆ చిన్న ఐఎఫ్ఓ ఫైళ్లలోనే మెనూ, అధ్యాయాలు, ఏ ముక్క తర్వాత ఏ ముక్క ఆడాలో ఉంటుంది. అవి లేకపోతే వీఓబీల్లో సమయం మధ్యలో మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది, ముందుకు జరిపితే ప్లేయర్ ఎక్కడికో పోతుంది. ఐఎస్ఓను మౌంట్ చేసి, లేదా విప్పకుండా వీఎల్‌సీలోకి నేరుగా లాగి వదిలితే మెనూతో సహా డిస్కులాగే ఆడుతుంది. ఫోల్డర్ నుంచి మళ్లీ ఐఎస్ఓ తయారుచేయాల్సి వస్తే మామూలు పద్ధతి పనికిరాదు, డీవీడీ-వీడియో ఆప్షన్ ఇవ్వాలి. లేదంటే ఫైళ్ల వరస మారి టీవీ పక్కనున్న ప్లేయర్ దాన్ని గుర్తించదు.

గీతలు పడిన డేటా డిస్కుకు, డీవీడీకి లినక్స్‌లోని డీడీరెస్క్యూ అనే కమాండ్ మంచిది. బ్లాకు సైజు 2048 ఇచ్చి, మొదటి విడతలో కష్టమైన చోట్లు వదిలేసి త్వరగా చదవమని చెప్పండి. రెండో విడతలో వదిలిన చోట్లను మూడుసార్లు ప్రయత్నించమనండి. రెండుసార్లూ ఒకే మ్యాప్ ఫైలు పేరు ఇవ్వాలి, ఎక్కడెక్కడ చదివిందో అందులోనే గుర్తుంటుంది. డిస్కు తుడిచో, వేరే డ్రైవ్‌లో పెట్టో మూడోసారి నడిపినా చదివినచోట మళ్లీ చదవదు. చివరి రెండు సెక్టర్లలో మాత్రమే లోపం వస్తే చాలాసార్లు భయపడాల్సిన పని లేదు. ట్రాక్ ఎట్ వన్స్ (ఒక్కో ట్రాక్‌ను విడిగా రాసే) పద్ధతిలో రాసిన డిస్కుల చివర చదవలేని రెండు సెక్టర్లు ఉంటాయి, అవి డేటా కాదు.

తెలియని చోటి నుంచి వచ్చిన ఐఎస్ఓ

మౌంట్ చేయమని ఇంతగా చెప్పాక ఈ హెచ్చరిక కూడా నేనే చెప్పాలి. ఈమెయిల్‌లో ఇన్వాయిస్ పేరుతోనో, కొరియర్ రసీదు పేరుతోనో ఐఎస్ఓ వస్తే మౌంట్ చేయొద్దు. ఇంటర్నెట్ నుంచి దిగిన ఫైలుకు విండోస్ ఒక గుర్తు పెడుతుంది, దాన్ని చూసే హెచ్చరికలు చూపిస్తుంది. ఆ గుర్తు ఎన్‌టీఎఫ్ఎస్‌లో ఫైలుకు అతికించి ఉంటుంది. ఐఎస్ఓకు గుర్తు పడేది కానీ మౌంట్ చేశాక లోపలి ఫైళ్లకు అది చేరేది కాదు. 2022లో క్యాక్‌బాట్ లాంటి మాల్వేర్లు ఈ సందులోంచే వచ్చాయి. ఐఎస్ఓలో ఒక షార్ట్‌కట్, దాచిన డీఎల్ఎల్ (ప్రోగ్రాము కోడ్ ఉండే ఫైలు) ఒకటి పెట్టి పంపేవారు. ఆ ఏడాది నవంబరు అప్‌డేట్‌తో మైక్రోసాఫ్ట్ ఈ సందును మూసింది. అప్‌డేట్లు ఆగిపోయిన పాత కంప్యూటర్లలో ఆ సందు ఇంకా తెరిచే ఉంది.

అధికారిక సైట్ల నుంచి దించినవాటికి అక్కడే ఇచ్చే షా-256 అంకెతో, అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి అంకెతో, పోల్చండి. విండోస్ పవర్‌షెల్‌లో గెట్-ఫైల్‌హ్యాష్ అని టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, ఫైలును ఆ కిటికీలోకి లాగి వదిలితే దాని చిరునామా పడుతుంది, ఎంటర్ నొక్కండి. 64 అక్షరాలూ కలవాలి. మొదటి నాలుగు, చివరి నాలుగు కలిశాయని ఊరుకోవద్దు. సైట్‌లో ఇచ్చిందాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో కింద పైన పెడితే తేడా కంటికి తెలుస్తుంది.

మీరే తీసిన ఇమేజ్‌లకూ అదే పని చేయండి. ఇమేజ్ పక్కనే టెక్స్ట్ ఫైలులో షా-256 అంకె, డిస్కు మీద చేత్తో రాసి ఉన్న పేరు, ఏ తేదీన ఏ డ్రైవ్‌తో తీశారో, ఎన్ని సెక్టర్లు చదవలేదో రాసి పెట్టండి. మ్యాప్ ఫైలునూ అదే ఫోల్డర్‌లో ఉంచండి. తర్వాత మౌంట్ చేసి వీడియోను మొదట్లో, మధ్యలో, చివరి ఐదు నిమిషాల్లో ఆడించి చూడండి. సీడీలు, డీవీడీలు లోపలి అంచు నుంచి బయటికి రాస్తారు, చేతి వేళ్లు తగిలేది బయటి అంచుకే. నిండా రాసిన డిస్కులో ఆ ఐదు నిమిషాలే ఎక్కువగా దెబ్బతినేవి.